మేకపోతు మధ్యవర్తిత్వం రద్దు

కాట్రేనికోన అవతల, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మొగపేటను ఘర్షణలకు ఆస్కారమున్న గ్రామంగా ప్రకటించడమైనది. ప్రకటించినవారు అమలాపురంలో కార్యాలయం గల శాంతిస్థాపన, సుపరిపాలన సంస్థ వారు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో తగువులు పుట్టకముందే ఆపడం ఆ సంస్థ ఆశయం. ఏడాదంతా వెతికినా ఆపడానికి వీలైన తగువు ఒక్కటీ చేజిక్కలేదు. పెద్ద తగువుల వెనక పెద్దమనుషులుంటారు, వాటి జోలికి పోతే సంస్థకే శాంతి ఉండదు. ఇంతలో మార్చి వచ్చిపడింది. నెలాఖరులోగా ఎక్కడో ఒకచోట శాంతి స్థాపించకపోతే నిధులు వెనక్కి పోతాయి. అందుచేత పోలిరాజునీ సత్యదుర్గారావునీ పట్టుకున్నారు.

వీళ్లిద్దరూ బావా బావమరుదులు. పోలిరాజు భార్య వరహాలమ్మకు సత్యదుర్గారావు స్వయానా అన్న. ఇద్దరికీ కలిపి ఒకటే పడవ, పక్కపక్కన ఇళ్లు, మధ్యన ఒకటే వాకిలి. మాటలు మాత్రం లేవు. పడవ కొన్న కొత్తలో ఏదో మాటామాటా అనుకున్నారు. ఏమనుకున్నారో వరహాలమ్మకే సరిగ్గా గుర్తులేదు. మాటలు మానేశారు గానీ వేట మానలేదు. ఆ పడవ ఒక్కడితో కదిలేది కాదు, అది కదలకపోతే రెండిళ్లలోనూ పొయ్యి వెలగదు.

మాటల్లేనివాళ్లు కలిసి వేటకెలా పోతారని మీరు అడగరు. మీ ఇళ్లలోనూ ఇలాంటి ఏర్పాటు ఏదో ఉండే ఉంటుంది. మొగపేటలో ఆ ఏర్పాటు ఒక మేకపోతు. వరహాలమ్మ దాన్ని వాకిట్లో రెండు గుమ్మాలకూ సమానదూరంలో కట్టేసేది.

“ఒరే మేకా, రేపు పోటు పెందరాళే వస్తాదంట. తెల్లారకుండా పడవ తియ్యాలని చెప్పు” అనేవాడు పోలిరాజు, అవతలి గుమ్మానికి వినపడేలా.

“ఆయ్, అలాగే. వల చిరిగిందని, అది కుట్టకుండా ఎవరూ కంగారు పడక్కర్లేదని చెప్పరా” అనేవాడు సత్యదుర్గారావు, లోపల్నుంచే.

నడిసముద్రంలో మేక ఉండదు కాబట్టి అక్కడ ఇంజన్‌కి చెప్పుకునేవారు. కోపమొస్తే తిట్లు కూడా ఈ దారినే వెళ్లేవి. నీకు బుద్ధుందా అని మేకను అడిగితే లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు కనుక తగువు అక్కడితో ఆగిపోయేది. తిట్టు తగలాల్సినవాడికి తగిలేది గానీ, తగిలిందని ఒప్పుకోవాల్సిన అగత్యం ఉండేది కాదు. వరహాలమ్మకు కావలసిందల్లా మొగుడూ అన్నా ఒకే పడవలో వెళ్లి ఒకే పడవలో తిరిగి రావడం. అందుకే ఎన్ని పండగలొచ్చినా, ఎవరెంత బేరమాడినా ఆ మేకను అమ్మనివ్వలేదు.

సంస్థ సమన్వయకర్త శ్యామ్ బాబు బాగా చదువుకున్నవాడు. యుద్ధాలతో చితికిపోయిన దేశాల గురించి ఏసీ హోటళ్లలో శిక్షణ పొందినవాడు. మేకతో మాట్లాడుతున్న మనుషుల్ని చూసి చలించిపోయాడు. దాన్ని తీవ్రమైన సంభాషణ లోపంగా నిర్ధారించి, తుఫాను షెల్టర్‌లో సదస్సు పెట్టించాడు. మొదట మనసులు విప్పించారు. తరువాత మూలకారణం వెలికితీత. ఎంతో నేర్పుగా తవ్వితే అది దొరికింది. పడవకు తన తల్లి అచ్చాయమ్మ పేరు రాయించాలని అప్పట్లో పోలిరాజు అన్నాడు. కాదు, తన తల్లి వెంకటదుర్గ పేరని సత్యదుర్గారావు అన్నాడు. ఏ పేరూ రాయకుండా నంబరుతో సరిపెట్టి, క్రమంగా ఇద్దరూ మరిచిపోయారు. శ్యామ్ బాబు మరిచిపోనివ్వలేదు. రెండు పేర్లూ చార్టు మీద ఎర్రసిరాతో రాసి గోడకు అంటించాడు.

వరహాలమ్మ ఆ చార్టుకు అడ్డంగా వచ్చి నిలబడింది. “బాబుగారూ, మేకుంది కదండీ, మా మానాన మేం బతికేస్తున్నామండి” అంది.

“అది శాంతి కాదమ్మా. శాంతి లేదన్న సంగతి మీకు తెలియకపోవడం” అన్నాడు శ్యామ్ బాబు దయగా. తెలియకపోతే ఇంక కావలసిందేముందని ఆమెకు అనిపించింది గానీ, చదువుకున్నవాళ్ల ముందు అనలేకపోయింది.

ఒప్పందం రోజున ఫ్లెక్సీలు కట్టారు. సంస్థ ఛైర్మన్ సూర్యారావు గారు కారులో వచ్చి, అభివృద్ధి చెందుతున్న దేశాలన్నీ ఈవేళ ఈ ఒక్క పడవకేసి చూస్తున్నాయని ప్రసంగించారు. ఇకమీదట ఉభయులూ మూడో ప్రాణి ప్రమేయం లేకుండా నేరుగా మాట్లాడుకొనవలెనని ఒప్పందంలో రాశారు. ఉభయులూ సంతకాలు పెట్టి, ఫొటో సరిగ్గా వచ్చేదాకా చేతులు కలిపే ఉంచారు.

పిమ్మట భోజనాలు. అమలాపురం నుంచి వచ్చిన పెద్దల్ని పప్పన్నంతో పంపడం గోదావరి మర్యాద కాదు. మధ్యవర్తికి ఎలాగూ పని లేకుండా పోయింది గనక దాన్నే కోశారు. వరహాలమ్మ ఏడుస్తూనే మసాలా నూరింది, ఏడుస్తూనే వండింది. సూర్యారావు గారు మారు వడ్డించుకుని, ఇంత రుచైన మాంసం ఈమధ్య తినలేదని మెచ్చుకున్నారు.

మర్నాడే ఒప్పందం అమల్లోకి వచ్చింది. పడవ దగ్గర సత్యదుర్గారావు మొహంలోకి చూసి పోలిరాజు, మా అమ్మ పేరు రాయిస్తున్నాను బావా అన్నాడు. ఇన్నేళ్లలో నేరుగా అన్న మొదటి మాట అది. రెండో మాట సత్యదుర్గారావు అన్నాడు, అది రాయదగినది కాదు. మధ్యలో మేక లేకపోవడంతో మాట తిన్నగా వచ్చి తగిలింది. తెడ్డు లేచింది. సత్యదుర్గారావు నుదుటికి కుట్లు పడ్డాయి.

ఇప్పుడు ఆ పడవ కోర్టు ఉత్తర్వు మీద ఇసుకలో బోర్లా పడుకుని ఉంది. వాకిలికి అడ్డంగా తాటాకుల దడి లేచింది. బావా బావమరుదులు మళ్లీ మూడోవారి ద్వారానే మాట్లాడుకుంటున్నారు గానీ, ఆ వకీళ్లు ఆకులు తిని ఊరుకునే రకం కాదు.

సంస్థ నివేదికలో ఇది ఘనవిజయం. చిరకాలంగా అణగి ఉన్న ఘర్షణ స్వేచ్ఛగా వ్యక్తమైందని రాశారు. మొగపేటలో నిజంగానే ఘర్షణ ఉన్నట్టు రుజువు కావడంతో నిధులు పెంచి, తటస్థ మధ్యవర్తి ఉద్యోగం ఒకటి మంజూరు చేశారు. శ్యామ్ బాబు స్వయంగా వచ్చి వరహాలమ్మను అడిగాడు. రెండు పక్షాలకూ చెందనివాడు, చెప్పింది విని ఎదురుచెప్పనివాడు, ఇక్కడి మాట అక్కడ పెంచి చెప్పనివాడు మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారా అమ్మా అని.

వరహాలమ్మ దడి పక్కన ఖాళీగా ఉన్న గుంజకేసి చూసింది.

“ఉండేదండి బాబుగారూ. ఆరోజు మీకు నేనే వడ్డించేనండి.”

స్థానికంగా అర్హులు లేరని శ్యామ్ బాబు రాసుకున్నాడు. అందుచేత సదరు ఉద్యోగానికి బయటివారి నుంచి దరఖాస్తులు కోరడమైనది. మీరూ పెట్టుకోవచ్చు. పక్కింట్లో ఎవరు కొట్టుకుంటున్నా అంతా విని, నెమరేసుకుంటూ ఊరుకోవడంలో మనకున్న అనుభవం ముందు ఆ మేక ఏపాటిది?