కౌంటరు నంబరు మూడులో పట్టుచీర

సముద్రం అందరిదీ. సముద్రం మధ్యలో ఉన్న దీవి మాత్రం కౌంటరు నంబరు మూడుది. ఉప్పురేవు అనే ఆ ఊళ్లో ఈ సంగతి చేపలకు కూడా తెలుసు. తెలియనిది ధర్మవరం నుంచి రెండు రైళ్లూ ఒక బస్సూ మారి వచ్చిన పుట్టమ్మకే.

పుట్టమ్మకు అరవై రెండేళ్లు. నలభై నాలుగేళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరూరి పెళ్లికూతుళ్లకు పట్టుచీరలు నేసింది. తనకంటూ ఒక్కటీ నేసుకోలేదు. సముద్రమూ చూడలేదు. రెండు ముచ్చట్లూ ఒకేసారి తీర్చుకుందామని ఈ ఏడు నెమలికంఠం రంగులో ఒక చీర తన కోసమే నేసుకుని, అదే కట్టుకుని దీవికి బయల్దేరింది. ఆ దీవి జాతీయ వనం. తాబేళ్లూ పగడాలూ ఉంటాయట. మర్నాటి నుంచి వానాకాలమని మూడు నెలలు మూసేస్తారు. ఆఖరి పడవలో ఒకే ఒక్క సీటు మిగిలి ఉంటే, మనవరాలు పావని నెలన్నర ముందే దాన్ని యాప్‌లో పట్టేసింది. (యాప్ పేరు 'సులభ దీవి'. అందులో సులభమైనది పేరొక్కటే.)

ఆ యాప్‌లో ఇరవై ఏడో ప్రశ్న ఇది: 'మీ వెంట జంతువుల నుంచి తయారైన వస్తువులు ఉంటాయా?' తోలు బెల్టు పెట్టుకున్నవాళ్లూ, తోలు చెప్పులు తొడుక్కున్నవాళ్లూ, తోలు పర్సులో టికెట్టు దాచుకున్నవాళ్లూ ఇక్కడికి రాగానే 'లేదు' అని కొట్టి ముందుకు పోతారు. దేశం అలాగే సాఫీగా నడుస్తోంది. కానీ పుట్టమ్మ పట్టు మనిషి.

"పట్టంటే పురుగు కట్టిన గూడే కదా పాపా. ఉండాదని కొట్టు."

"అవ్వా, వాళ్లు అడిగేది అది కాదేమో."

"అడిగినోళ్లకి ఉండేది చెప్పాల. కొట్టు."

పావని 'అవును' అని కొట్టింది.

ఆ 'అవును' ఇవాళ తెరమీద కనబడగానే, కౌంటరు నంబరు మూడులోని సహాయ ప్రవేశ నిర్ణేత (ద్వితీయ శ్రేణి) కుమారస్వామి గారు లేచి నిలబడ్డారు. పదకొండేళ్ల సర్వీసులో ఆయన చూసిన మొదటి 'అవును' అది. బీరువా అడుగు అర నుంచి ఫారం పద్నాలుగు తీసి దుమ్ము దులిపారు.

"జీవాల సంఖ్య ఎంతండీ?"

మరొకరైతే ఇక్కడ నోరు వెళ్లబెట్టేవారు, కథ అయిపోయేది. పుట్టమ్మకు జవాబు తెలియడమే వచ్చిన చిక్కు.

"కిలోకి ఆరు వందల గూళ్లు తూగుతాయి సామీ. ఈ చీరకి ఐదు కిలోలు పట్టింటాది. మూడు వేలని రాసుకో."

"స్వస్థలం?"

"రొద్దం. మా వాళ్లు హిందూపురం మార్కెట్లో కొనుక్కొచ్చినారు."

"మరణ కారణం?"

"ఉడుకునీళ్లు."

కుమారస్వామి గారు కలం ఆపి ఒక నిమిషం మౌనం పాటించారు (ఫారంలో దానికీ ఒక గడి ఉంది). తర్వాత కూడిక చేశారు. పడవలో పట్టేది నలభై మంది. ఈ ఒక్క టికెట్టు మీద ఎక్కదలచినవారు మూడు వేల ఒకరు. వెనక తోలు బెల్టుల వరస విసుక్కుంది. పుట్టమ్మ సంచి ముడి విప్పింది.

"సంచిలో నూలుచీర ఉండాది సామీ. అది కట్టుకోనొస్తా. దీన్ని ఈడనే పెట్టుకో."

"చీర మార్చుకోవచ్చండీ, ఫారం మార్చుకోలేం. జీవాలను ప్రకటించి వదిలేసి వెళితే పరిత్యాగం కిందికి వస్తుంది."

అయినా ఆమె మార్చుకుని వచ్చి, పట్టుచీరను మడతపెట్టి కౌంటరు మీద ఉంచింది. ఈలోగా, కుమారస్వామి గారు పైకి పంపిన ఫారం చూసి ప్రధాన కార్యాలయంలోని ముఖ్య నిర్ణేత గారు ఇరవై నిమిషాల్లో తీర్పు పంపారు. (అంత వేగం ఆ విభాగం చరిత్రలో లేదు.) జాతీయ వనం జీవాల కోసం ఏర్పడింది. అందులోకి వెళ్లడం మనిషికి దయగా ఇచ్చేది, జీవానికి హక్కు. సీటు ఒకటే ఉండి, ఒక పక్క మూడు వేల జీవాలూ ఇంకో పక్క ఒక మనిషీ ఉన్నప్పుడు సీటు మెజారిటీకి చెందుతుంది. బరువు కిలో లోపే గనక పడవకు ముప్పు లేదు.

అవ్వకు తోడొచ్చిన పావనికి ఒళ్లు మండింది. "చచ్చిపోయిన పురుగులు ఏం చూస్తాయి సార్ ఆడ?"

"చూడాలన్న నిబంధన లేదమ్మా. వెళ్లాలి, అంతే" అన్నారు కుమారస్వామి గారు నెమ్మదిగా.

చీరను సీటులో కూర్చోబెట్టి లైఫ్ జాకెట్ తొడిగారు. మడత నలగనీయొద్దప్పా అని, చీర తీసుకుపోవడానికి కౌంటరు దగ్గరికి వచ్చిన పడవవాడికి ముందే చెప్పిన పుట్టమ్మ బయటి మెట్ల మీద కూలబడింది. సముద్రానికి అడ్డంగా ఆఫీసు భవనం కట్టారు. రెండు గోడల సందులోంచి జానెడు నీలం మాత్రం కనిపిస్తోంది. ఆమె దాన్నే చూస్తూ ఏడ్చింది.

"నలభై నాలుగేండ్లు నేసిన చీరలన్నీ నన్నిడిసిపెట్టి ఎవరెవరి పెండ్లిళ్లకో పోయినాయి పాపా. నాదనుకున్నా, ఇదీ పాయ."

సాయంత్రం చీర తిరిగొచ్చింది. అంచు కొంచెం తడిసింది. ముట్టినట్టు పుట్టమ్మ సంతకం పెట్టింది, ఇద్దరూ బస్సెక్కారు.

పది రోజులకు విభాగం వార్షిక నివేదిక వెలువడింది. సీజను ఆఖరి రోజున ఒక్క ధర్మవరం ప్రాంతం నుంచే మూడు వేల మంది దీవిని సందర్శించారనీ, కరువు సీమ ప్రజల్లో సముద్రం పట్ల పెరుగుతున్న ఆసక్తికి ఇది నిదర్శనమనీ అందులో రాశారు. కుమారస్వామి గారికి సభ పెట్టి శాలువా కప్పారు (పట్టుదే). ఆ రోజు టికెట్టు ఉండి కూడా నిర్లక్ష్యంగా దీవికి వెళ్లనివారి జాబితా చివరి పేజీలో ఉంది. అందులో ఉన్నది ఒకటే పేరు: పుట్టమ్మ, ధర్మవరం.