అధ్యక్షుల వారి నాలుగు మాటలు, సూదిమల్లి అయిదు పాటలు

ఒక పెద్ద అడవిలో, అంటే నిజానికి అదేమంత పెద్దది కాదు, కళా పరిషత్తు ఒకటి వెలిసింది కాబట్టి ఇక మనది పెద్ద అడవే అని వాళ్ళకి వాళ్ళే తీర్మానం చేసుకున్న అడవిలో, సూదిమల్లి అని ఒక ఏదుపంది పిల్ల ఉండేది.

ఏదుపంది తెలుసుగా, ఒళ్ళంతా ముళ్ళు. మిగతా ఏదుపందులు ఆ ముళ్ళతో ఎదుటివాణ్ణి పొడుస్తాయి. ఈ పిల్ల వాటిని మీటేది. వీపు మీద సన్న ముళ్ళు, నడుం మీద లావు ముళ్ళు, తోక పక్కన లోపలంతా బోలుగా ఉండే పెద్ద ముల్లు ఒకటి. ఆ పెద్ద ముల్లు మోగిందంటే విన్నవాడు చేతిలో పని వదిలేసి కూర్చోవాల్సిందే. అయిదు పాటలు కట్టింది సూదిమల్లి. అయిదూ ఆ ముల్లుని నమ్ముకుని కట్టినవే.

చిక్కల్లా ఏమిటంటే ఆ ముల్లు కదులుతోంది.

"తొలకరి దాకా నిలిస్తే గొప్పేనే అమ్మా" అంది వాళ్ళమ్మ దబ్బనమ్మ, ముల్లుని తడిమి చూసి. "రాలిందంటే మళ్ళీ అలాంటిది వచ్చి, బోలుపడి, మోగడానికి అయిదారేళ్ళు. ఈలోగా నీ పాటలు చిలకలకి పట్టించేద్దాం."

ఆ అడవిలో రికార్డింగు అంటే చిలకే. చిలక ముందు కూర్చుని పాడితే అది పట్టుకుంటుంది. ఒక్కో చిలకకి ఇరవై గుక్కల మోత పడుతుంది, అంతకు మించి పట్టదు. ఒకసారి నిండితే ఇక ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే దాకా, అంటే ఏడాది పాటు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా అదే వినిపిస్తూ అడవంతా తిరుగుతుంది. ఆపడానికి మీట ఏమీ ఉండదు. ఈ పని చేసేది కంఠస్థం అనే చిలకా, అతని నలుగురు తమ్ముళ్ళూ. మొత్తం అయిదుగురు. పాటలూ అయిదే. లెక్క సరిపోయింది కదా అని తల్లీకూతుళ్ళు సంబరపడ్డారు పాపం.

వాళ్ళు నేరుగా చిలకల దగ్గరికి వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. పరిషత్తుకి కబురు తెలిసింది.

పరిషత్తు అధ్యక్షులు భల్లూకేశ్వరరావు గారు, ఎలుగుబంటి. వేసవిలో కూడా శాలువా కప్పుకుని తిరిగే మనిషి. మనిషంటే ఎలుగుబంటే అనుకోండి. అప్పటికి నెల రోజులుగా ఆయనకి నిద్ర లేదు. పొరుగు అడవి వాళ్ళు ఎవరో కప్పని పైకి తెచ్చారట, ఆ కప్ప పాట పట్టిన చిలకలు సరిహద్దు దాటి వచ్చి మరీ మోగుతున్నాయి.

"మన అడవిలో కళాకారులు లేరా?" అన్నాడాయన కార్యవర్గ సమావేశంలో.

కార్యదర్శి తలూపుల తొండయ్య తలూపాడు. తొండ కదా, ఆయన ఎప్పుడూ తలూపుతూనే ఉంటాడు. లేరని ఊపాడో ఉన్నారని ఊపాడో ఆయనకే తెలియదు. ఆ తల మూలంగానే ఆయన ఇరవై ఏళ్ళుగా కార్యదర్శి.

"ఉంది, ఒక ఏదుపంది పిల్ల" అన్నాడు బకమూర్తి గారు. ఈయన కొంగ, విమర్శకుడు. ఏ అభిప్రాయమైనా ఒంటికాలి మీదే చెబుతాడు. "ఆ పిల్లలో గొప్ప భవిష్యత్తు ఉందని మొదట కనిపెట్టింది నేనే."

"ఆ పిల్ల పాట విన్నారా?"

"వినడం దేనికండీ, కనిపెట్టాక."

అలా సూదిమల్లి తొలి రికార్డుల బాధ్యత పరిషత్తు నెత్తిన వేసుకుంది. ఇప్పచెట్టు పక్కన బండ మీద సభ పెట్టారు. జ్యోతి ప్రజ్వలన మాత్రం కిందటేడు సగం అడవి తగలబడ్డాక మానేశారు. చిలకలు అయిదూ వరసగా కొమ్మ మీద కూర్చున్నాయి. సూదిమల్లి పొద్దున్నే స్నానం చేసి, ముళ్ళన్నీ తుడుచుకుని, పెద్ద ముల్లు కదలకుండా మెల్లగా నడిచి వచ్చింది.

"ముందుగా కళాకారిణికి చిరుసత్కారం" అన్నాడు తొండయ్య.

ఏదుపందికి శాలువా కప్పారండీ వీళ్ళు. కప్పడం తేలికగానే అయింది. తియ్యడమే కుదరలేదు. నూరు ముళ్ళకి నూరు చోట్ల దిగబడిపోయింది. లాగితే పిల్ల కూడా వస్తోంది. దబ్బనమ్మ కంగారుగా పరిగెత్తుకొచ్చి, పెద్ద ముల్లుని రెండు చేతులా పట్టుకుని, "లాగకండి, లాగకండి బాబూ, అది ఊడితే మా కొంప మునిగిపోద్ది" అని బతిమాలింది. ఆ శాలువాని ఎలకల చేత కొరికించి తీయించేసరికి మధ్యాహ్నమైంది.

"ఇక పాట మొదలెట్టమంటారా?" అంది సూదిమల్లి.

"తప్పకుండా తల్లీ" అన్నాడు భల్లూకేశ్వరరావు గారు లేచి నిలబడుతూ. "నువ్వు సిద్ధంగా ఉండు. పాటలకి ముందు అధ్యక్షుడిగా నా ఆశీస్సులు ఉండాలి కదా. నాలుగు మాటలు, అంతే."

కంఠస్థం పెద్ద తమ్ముడు మెడ చాచి పట్టడం మొదలుపెట్టాడు.

"సోదర సోదరీమణులారా, సమయాభావం వల్ల ఎక్కువ మాట్లాడను. సంగీతం గురించి నాకు ఏమీ తెలియదు" అని మొదలుపెట్టాడాయన. ఏమీ తెలియదని చెప్పడానికి మూడు గుక్కలు పట్టింది. ఏమేం తెలియదో వరసగా చెప్పడానికి పదిహేను. తర్వాత "నా చిన్నతనంలో మా తాతగారు" అనేసరికి చిలక నిండిపోయింది.

"అయిపోయిందండి, ఇంక పట్టదు" అన్నాడు కంఠస్థం.

"అదేంటయ్యా, మా తాతగారు మధ్యలో ఆగిపోయారు. రెండోవాణ్ణి రమ్మను."

రెండో చిలక అధ్యక్షుల వారి తాతగారితో నిండింది.

"అయ్యగారూ, పిల్ల పాటెప్పుడండీ?" అంది దబ్బనమ్మ తొండయ్య దగ్గరికెళ్ళి. తొండయ్య తలూపాడు. ఇప్పుడేనన్నమాట అనుకుని ఆవిడ వచ్చి కూర్చుంది. ఈలోపు బకమూర్తి గారు కాలు పైకి మడిచేశాడు.

"సూదిమల్లి సంగీతంలో నన్ను ముగ్ధుణ్ణి చేసింది అందులోని నిశ్శబ్దం" అని మొదలుపెట్టాడాయన.

"నేనింకా వాయించలేదండి" అంది సూదిమల్లి.

"మధ్యలో మాట్లాడకూడదమ్మా. విన్నాక చెబితే పక్షపాతం వస్తుంది. వినకముందు చెప్పేదే అసలైన విమర్శ" అన్నాడాయన. ఆ మాట కూడా మూడో చిలకకి పట్టేసింది.

నాలుగోదాని దగ్గరికి సూదిమల్లి తనే పరుగున వెళ్ళి కూర్చుంది. పంజా ఎత్తింది. తొండయ్య గొంతు సవరించుకున్నాడు.

"వందన సమర్పణ."

"వందన సమర్పణ ఆఖర్న కదండీ ఉండేది?" అంది దబ్బనమ్మ.

"ఆఖర్న అందరూ లేచి వెళ్ళిపోతారమ్మా. మా పేరు చెప్పారా అని తర్వాత నన్ను పీక్కు తింటారు. నేను అందరికీ మాటిచ్చాను."

ఆయన నోరు తెరిచి ఒక్కరికీ మాటివ్వలేదు. అడిగినవాళ్ళందరి ముందూ తలూపాడు, అంతే. బండ ఊడ్చిన పందికొక్కు, శాలువా కొరికిన ఎలకలు, రాలేకపోయినందుకు చింతిస్తున్న నత్త, నత్తకి కబురు చెప్పిన చీమ, ఆ చీమ బావమరది. చీమల పేట మొదటి వీధి పూర్తి కాకముందే నాలుగో చిలకా నిండింది.

మిగిలింది కంఠస్థం ఒక్కడే. పాపం అతనికే జాలేసింది. "అమ్మాయ్, గబగబా రా, నాలో అయినా ఒక పాట పట్టించు. మంచిది చూసి వాయించు" అన్నాడు.

అయిదింట్లో ఏది మంచిదో తేల్చుకోలేక సూదిమల్లి కళ్ళు మూసుకుంది. ఆ రెండు క్షణాలే కొంప ముంచాయి.

"ఇప్పుడు మీరు వినబోయేది" అన్నాడు భల్లూకేశ్వరరావు గారు.

"పరిచయం నేను చెయ్యాలి" అన్నాడు బకమూర్తి గారు.

"అధ్యక్షుణ్ణి నేను."

"కనిపెట్టింది నేను."

వీళ్ళిద్దరూ అలా వాదించుకున్నది కంఠస్థంలో పందొమ్మిదిన్నర గుక్కలు పట్టింది. అప్పటికి సూదిమల్లి తెగించి పెద్ద ముల్లు మీద పంజా వేసింది.

టింగ్.

"నిండిపోయిందమ్మా" అన్నాడు కంఠస్థం తల దించుకుని.

సభ చప్పట్లు కొట్టింది. అయిదు రికార్డులూ విజయవంతంగా నిండాయని పరిషత్తు ప్రకటించింది. సూదిమల్లి బొరియలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చినప్పుడల్లా ముల్లు ఇంకాస్త వదులైంది. దబ్బనమ్మ పక్కన కూర్చుని, "ఏడవకే తల్లీ, ముల్లు ఊడుద్ది" అనడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది.

మర్నాటి నుంచి చిలకలు పని మొదలుపెట్టాయి.

పొద్దున లేస్తే అధ్యక్షుల వారికి ఏమేం తెలియదో. నీళ్ళ దగ్గరికెళితే వాళ్ళ తాతగారు. మేత దగ్గర నిశ్శబ్దం మీద కొంగగారి అరుపులు. కునుకు పట్టే వేళకి చీమ బావమరది. రెండు వారాలకి అడవిలో జీవులు చిక్కి సగమయ్యాయి. జింకలు మేత మానేశాయి. పులి ఒకరోజు చిలక మీదికి దూకబోయి, మధ్యలో "సోదర సోదరీమణులారా" అని వినపడగానే నీరసం వచ్చి అక్కడే కూలబడింది.

కంఠస్థం చుట్టూ మాత్రం జనం ఉండేవారు. పందొమ్మిదిన్నర గుక్కల తగువుని పళ్ళు బిగించి భరించి, చివర్న ఆ ఒక్క టింగ్ విని, "అబ్బ, దీని తర్వాత ఏముండేదో" అనుకుంటూ ఇళ్ళకి పోయేవారు.

చిలకలు దూరని చోటు ఆ అడవిలో ఒక్కటే, ఏదుపంది బొరియ. చీకటిగా ఉంటుంది, రెక్క విప్పితే ముల్లు గుచ్చుకుంటుంది. మొదట ఒక కుందేలు చెవులు మూసుకుని వచ్చి పడింది. తర్వాత జింకలు. తర్వాత పులి కూడా, అందరికీ నమస్కారం పెట్టి ఒక మూల ఒదిగి కూర్చుంది.

"పాప కదా ఆ టింగ్ వాయించింది?" అంది కుందేలు. "దాని తర్వాత ఏముందమ్మా?"

సూదిమల్లి గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఆ మాట ఇంతవరకూ ఆ పిల్లని ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు మొదటి పాట వాయించింది. మర్నాడు రెండోది. మూడోనాటికి బొరియ చాలక దబ్బనమ్మ వెనక గోడ తవ్వింది. విన్నవాళ్ళు మాట్లాడలేదు. మాటలంటే అప్పటికి అందరికీ భయం పట్టుకుంది. నాలుగో పాట అయ్యేసరికి ముల్లు ఒక్క నరం మీద వేలాడుతోంది. బయట మబ్బు కమ్ముతోంది. అయిదో పాట మిగిలింది. అన్నిట్లోకీ సూదిమల్లికి ప్రాణమైన పాట అది.

అదే సమయానికి భల్లూకేశ్వరరావు గారు పరిగెత్తుకొస్తున్నారు. ఆయన తేనెపట్టు దగ్గరికి చప్పుడు చెయ్యకుండా చేరడం, కొమ్మ మీంచి ఆయన గొంతే "నాలుగు మాటలు" అని అరవడం, తేనెటీగలు లేవడం, పదిహేను రోజులుగా ఇదే తంతు. ఈసారి ఈగలు వెంటపడ్డాయి. కనిపించిన బొరియలో దూరిపోదామనుకున్నాడు. ఈగల్ని చేతులతో తోలుతూ వెనక్కి వెనక్కి వచ్చి దూరాడు. దూరి, నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. ముఖం, చేతులు బయట, మిగతాది లోపల. వాన మబ్బు చూసి ఈగలు వెనక్కి మళ్ళాయి.

ద్వారం మూసుకుపోయింది. చిలకల గోల ఆగిపోయింది. ఆ అడవిలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. సూదిమల్లి అయిదో పాట ఎత్తుకుంది.

సగం వాయించేసరికి ముల్లు ఊడి నేల మీద పడింది.

ఎవరూ కదల్లేదు. సూదిమల్లి దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. పెద్ద ముల్లు లేకపోతే ఆ పాటకి రెండో సగం లేదు.

బయట భల్లూకేశ్వరరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. తను ప్రోత్సహించిన కళాకారిణి పాట ఆయన వినడం అదే మొదలు. మనసు కరిగిపోయింది. కరిగితే ఊరుకోవచ్చుగా. గొంతు సవరించుకుని, వాన మబ్బుల వైపు చూస్తూ, "ఈ శుభ సందర్భంలో నాలుగు మాటలు" అన్నాడు.

దబ్బనమ్మ లేచింది. కూతురి చేతిలోంచి ముల్లు తీసుకుంది. అది మోగాలంటే కండ బలంగా, బిగువుగా ఉన్న చోట పాతుకుని నిలబడాలి. బొరియ అంతా చూసింది. అలాంటి చోటు ద్వారం నిండా ఎదురుగానే ఉంది.

"క్షమించండి అయ్యగారూ" అని, గుచ్చింది.

అధ్యక్షుల వారి ప్రసంగం మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. సూదిమల్లి దగ్గరికెళ్ళి, భయపడుతూ భయపడుతూ, ముల్లు మీటింది.

మోగింది. మునుపటికంటే నిండుగా మోగింది. అంత లావు మనిషి వెనక ఉంటే మోగదా మరి.

"అయ్యగారూ, కదలకండి, శ్రుతి పోద్ది. మాట్లాడితే పొట్ట కదులుతుంది, మాట్లాడకండి" అంది దబ్బనమ్మ. ఆయన మాట్లాడలేదు, ఊపిరి కూడా చూసి చూసి తీసుకున్నాడు. సూదిమల్లి పాట చివరిదాకా వాయించింది. వాయిస్తూ ఏడ్చింది, ఈసారి ఏడుపు వేరు. పులి కూడా కళ్ళొత్తుకుంది.

గుమ్మం తవ్వి ఆయన్ని బయటికి తీశారు గానీ, ముల్లు మాత్రం ఎలుగు కండలో గట్టిగా పట్టేసింది, ఇప్పట్లో ఊడేది కాదు. అందుకని సూదిమల్లి కచేరీ ఉన్న రోజు భల్లూకేశ్వరరావు గారు ముందుగా వచ్చి, బోర్లా పడుకుని, అయిదు పాటలూ అయ్యేదాకా నోరు మెదపకుండా ఉంటారు. తొండయ్య తలూపుతుంటాడు, ఇప్పుడది తాళానికి పనికొస్తోంది. ఇరవై ఏళ్ళ చరిత్రలో పరిషత్తు సంగీతానికి చేసిన సేవ ఇదేనని బకమూర్తి గారు కూడా ఒప్పుకున్నారు, పాట విన్న తర్వాతే.

నీతి: కళని పోషించగల పెద్దలు ప్రతి అడవిలోనూ ఉంటారు, ముల్లు ఎక్కడ గుచ్చాలో తెలియాలి, అంతే.