దొరసాని నఖచ్ఛేదన విజయము

వినండి మహాజనులారా, సావధానచిత్తులై వినండి. చేతిలో పనున్నవాళ్లు పని చేసుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను. మదగజ ఘీంకారాలతో దిగంతాలు దద్దరిల్లిన మహాసంగ్రామాలను, ఒంటిచేత్తో ఏడు కోటలు కూల్చిన ప్రచండ భుజబలసంపన్నులను ఎలుగెత్తి కీర్తించడానికి పుట్టిన ఈ కంఠానికి చివరికి దక్కిన కథావస్తువు ఒక పిట్ట గోరు. ఏం చేస్తాం, రోజులు అలా ఉన్నాయి. అయినా దక్కినదాన్ని తక్కువ చేసి పాడటం నాకు చేతకాదు గనుక గొంతు సవరించుకుని మొదలుపెడుతున్నాను.

గ్రీష్మం వెళ్లీ వెళ్లక, వర్షం వచ్చీ రాక, రెండు రుతువులూ గుమ్మంలో నిలబడి ముందు మీరంటే మీరని మర్యాదలు పోతున్న సంధికాలంలో, సకలలోక తిమిరసంహారకుడైన సూర్యుడు ఎదురింటి నీళ్లట్యాంకు మీదికి మూరెడెత్తు లేచిన ఉదయం ఏడు గంటల శుభవేళ, లాండ్రీకీ సైకిళ్ల షాపుకూ నడుమ ఇరుక్కున్న మూడు కుర్చీల సెలూన్ పై అంతస్తులో, రెండు గదుల ఇంట్లో, వంటగది కిటికీ పక్క కొక్కేనికి వేలాడే పంజరంలో, ఒంటికాలి మీద నిలబడి లోకాన్ని అనుమానంగా చూస్తోంది దొరసాని.

దొరసాని అంటే చిన్న చిలుకలాంటి కాకటీల్ జాతి పిట్ట. బూడిదవన్నె మేను, పసుపుపచ్చ ముఖం, రెండు చెంపల మీదా నారింజరంగు చుక్కలు, నడినెత్తిన కుచ్చులా లేచే జుట్టు. చకితనేత్ర, ఊర్ధ్వశిఖ, అరుణకపోల. తూకం తొంభై గ్రాములు. అందులో ఎనభై గ్రాములు భయమే. స్టీలు గ్లాసు కింద పెడితే భయం, కొత్త చీపురు కంటపడితే భయం, ఇంటికొచ్చినవాళ్లు ఎర్రచొక్కా వేసుకుంటే భయం. భయం వేసినప్పుడల్లా నెత్తిమీది జుట్టు నిటారుగా లేస్తుంది. నెమ్మదించాక సగం వాలుతుంది. ఆ ఇంట్లో చేరిన నాలుగు నెలల్లో అది సగం వాలగా చూసినవాళ్లు లేరు.

ఇక మన నాయకుడు. శతసహస్ర శిరోజవన విచ్ఛేదన విశారదుడు, దుర్గమ శ్మశ్రుకాంతార దావానలుడు, ఫేనలేపన ధురంధరుడు, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ వీధి తలలన్నిటినీ తన కత్తెర కింద వంచిన కర్తరీధరుడు. కత్తెర మాస్టారని అందరూ పిలుస్తారు. ఏడ్చే పసివాడికి ఏడుపు మధ్యలో ఊపిరి తీసుకునేలోగా క్షవరం ముగించి పంపగలడని ప్రతీతి. ఆ ప్రతీతిని వ్యాపింపజేసింది చాలావరకు ఆయనే.

పిట్ట ఆయనది కాదు, అత్తగారిది. పదకొండేళ్లుగా ఆవిడ ఒళ్లోనే పెరిగింది. నెలకోసారి ఆవిడే కబుర్లు చెబుతూ గోళ్లు తీసేది. ఇప్పుడావిడకు చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి, అందుకే పంజరంతో సహా కూతురింటికి వచ్చింది. మనుషుల చెయ్యి అలవాటు తప్పిన పిట్టకు గోళ్లు పెరిగిపోయాయి. ఎడమకాలి ముందువేలి గోరైతే కొడవలిలా వంగి అరికాలి వైపు తిరిగింది. కొమ్మ మీద ఆ కాలు ఆనించలేక దొరసాని పగలంతా ఒంటికాలి తపస్సు చేస్తోంది.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్తే ఆవిడ తువ్వాలు చుట్టి పట్టుకోబోయింది. పట్టుకున్న నాలుగు క్షణాల్లో పిట్ట నోరు తెరిచి, మెడ వాల్చి, అరగంట దాకా తేరుకోలేదు. దీన్ని ఇంకోసారి బలవంతంగా పడితే గుండె ఆగుతుందని, మత్తు ఇవ్వడానికి వయసు మీరిందని, అదంతట అదే చేతి మీదికి వచ్చి కాలు చాపేలా మచ్చిక చేసుకోవాలని, మూడు వారాల్లో తీయకపోతే గోరు అరికాల్లో దిగి కాలు పోతుందని డాక్టరమ్మ చెప్పింది. పడితే ప్రాణం, వదిలేస్తే కాలు. ఇంతటి ధర్మసంకటం పెద్ద పెద్ద కథల్లో కూడా నాకు తగల్లేదు.

ఆ సాయంత్రం ముందుగదిలో మంచం మీద కూర్చున్న అత్తగారు కూతురితో మెల్లగా అంటూంటే మాస్టారు విన్నాడు.

"టీవీ కనపడదు, పేపరు కనపడదు. భుజం మీద దాని బరువొక్కటే నాకు తెలిసేది, ఇల్లు మారాక భుజం ఎక్కడమే మానేసింది. అసలు పిట్టే లేకపోతే నాకు పొద్దెలా గడుస్తుందే?"

అంతట ఆ వీరవరేణ్యుడు గుమ్మం మధ్య నిలిచి, వక్షం విప్పార్చి, దక్షిణహస్తం పైకెత్తి ఇట్లు ప్రతిజ్ఞ చేశాడు: "ఓ వృద్ధమాతా! దివాకరుడు దిక్కు తప్పినా, జలధులు జానెడు లోతుకు ఇంకినా, ఇరవై ఒక్క దినాలలో ఆ వక్రనఖాన్ని ఖండించి, నీ స్కంధపీఠంపై నీ విహంగాన్ని పునఃప్రతిష్ఠించకుంటే, నేను కర్తరి పట్టిన వాణ్ణే కాను!" ఇది నేను పాడిన తీరు. వాస్తవంగా ఆయన నోటినుంచి వచ్చింది, "చూద్దాం లెండి" అని. భావం మాత్రం ఇదే.

మర్నాడే ప్రథమ యుద్ధం. కుర్చీలో కూర్చున్న ఏ తలనైనా మాస్టారు మొదట తెల్లగుడ్డతో సత్కరిస్తాడు. ఆ గుడ్డను కప్పేముందు గాలిలో ఒక్కసారి ఫట్టుమని దులపడం ఆయనకు ఆనవాయితీ. అదే గుడ్డ తెచ్చి పంజరం ముందు ఫట్టుమనిపించాడు. తత్‌క్షణం ఆ పంజరబ్రహ్మాండంలో ప్రళయం పుట్టింది. రెక్కలు కడ్డీలకు కొట్టుకున్నాయి, నీళ్లగిన్నె బోర్లాపడింది, గింజలు స్టవ్ దాకా ఎగిరాయి. నష్టం మూడు ఈకలు, ఒక గిన్నె, ఇల్లాలి సహనంలో ఒక పెద్ద భాగం. ఆవిడ ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగి. తప్పు కనపడితే ఊరుకునే మనిషి కాదు. ఆ పూట ఆయనకు దిద్దినన్ని తప్పులు ప్రెస్సులో వారానికి కూడా దిద్ది ఉండదు.

గుడ్డ పోయింది. గింజలు వచ్చాయి. అరచేతిలో పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని, పంజరం తలుపు తీసి, నాలుగో రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా మాస్టారు ముట్టడి సాగించాడు. తిన్నగా చెయ్యి పెడితే దొరసాని అవతలి మూలకు పోయింది. పక్కనుంచి పెడితే పైకి పాకింది. బతిమాలితే బుస కొట్టింది. సెలూన్లో ఎంతటి మొండివాణ్ణయినా కబుర్లతో కట్టిపడేస్తాడు గనుక ఎండల గురించి, రోడ్డు తవ్వకాల గురించి, పక్కింటివాళ్ల కొత్త సోఫా గురించి చెప్పాడు. దాని దగ్గర ఆ పప్పులేవీ ఉడకలేదు. కొడవలి గోరు మాత్రం రోజురోజుకీ అరికాలికి దగ్గరవుతూ వచ్చింది.

పదో రోజు ఉదయం. కుడిచేత్తో పంజరం తలుపు తీసి, ఆ చెయ్యి కిందికి దించి, ఎడమ అరచెయ్యి లోపల పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు మాస్టారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినపడింది.

"అల్లుడుగారూ, చేతిలో కత్తెరుందా?"

"లేదండి అత్తయ్యగారూ. గింజలే."

"మరి ఆ టిక్కుటిక్కుమనేదేంటి?"

"ఏమీ లేదండి."

"ఉంది. మీ కుడిచెయ్యి గాలిని కత్తిరిస్తోంది."

మాస్టారు తల వంచి చూసుకున్నాడు. పక్కన ఊరికే వేలాడుతున్న కుడిచెయ్యి, యజమాని అనుమతితో పని లేకుండా, బొటనవేలిని వేళ్లతో కలుపుతూ విడదీస్తూ, టకటకా ఆడుతోంది; ఆడినప్పుడల్లా బొటనగోరు పక్కవేలి ఉంగరానికి తగిలి సన్నగా మోగుతోంది. ఇందులో వింతేమీ లేదు. కత్తెర పట్టినవాడు జుట్టు ఒక్కసారి కత్తిరించేముందు గాలిని నాలుగుసార్లు కత్తిరిస్తాడు. సెలూన్లలో తెగే జుట్టు కంటే తెగే గాలే ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆడుతున్న చెయ్యి కత్తెర లేకపోయినా ఆగలేదు. అది ఆయనకు తెలియదు. భార్యకు అలవాటైపోయి కనిపించలేదు. చూపు ఆనని ముసలామెకు, కన్నంతా పంజరం తలుపు మీదే ఉన్న పిట్టకు మాత్రం ఆది నుంచీ తెలుసు.

"ఆ చెయ్యి మీరు నిలపగలిగితే అది వస్తుందండి," అంది అత్తగారు. "ఏమీ చెయ్యకండి. ఊరికే కూర్చోండి."

ఓ శ్రోతలారా! శత్రువును జయించినవారిని వేలమందిని పాడాను, తన కుడిచేతిని తానే జయించవలసి వచ్చినవాణ్ణి పాడటం ఇదే మొదలు. ఆ రోజే సెలూన్లో గాలిని కత్తిరించకుండా జుట్టును మాత్రమే కత్తిరించాలని ఆయన నిశ్చయించుకున్నాడు. షాపు ఒక్కసారిగా మూగబోయింది. కుర్చీలో ఉన్న పోస్టాఫీసు గుమాస్తా రెండు నిమిషాలు ఓర్చుకుని, ఎక్కడో ఎక్కువ కత్తిరించి దాస్తున్నారేమోనని రెండు చేతులతో నెత్తి తడుముకున్నాడు. ఇంకొకాయన మాస్టారికి ఒంట్లో బాగాలేదేమో, ఇంకోసారి వస్తానని లేచిపోయాడు. మూడో ఆయనైతే చప్పుడు తగ్గింది గనుక పని కూడా తగ్గి ఉంటుందని నసిగాడు. ఆ సాయంత్రానికి మాస్టారికి తలప్రాణం తోకకొచ్చింది.

"డాక్టరమ్మ మచ్చిక చెయ్యమన్నది పిట్టనా, మిమ్మల్నా?" అని అడిగింది భార్య. ఆయన ఉంగరం తీసి అలమరలో పెట్టాడు.

ఆనాటి నుంచి రోజూ పొద్దున ఏడింటికి అత్తగారు గోడ పట్టుకుని వంటగదిలోకి వచ్చి ఒక కుర్చీలో, అల్లుడు ఇంకో కుర్చీలో, పంజరం ముందు అరగంట మౌనంగా కూర్చున్నారు. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద వెల్లకిలా పడి ఉండేది. మొదట్లో ఆ వేళ్లు అణగదొక్కిన సైన్యంలా వణికేవి. పోనుపోను వాటికీ విసుగు పుట్టి పడుకున్నాయి. పన్నెండో రోజు దొరసాని మెడ చాపి గింజ తీసుకుంది. పద్నాలుగో రోజు కుడికాలు అరచేతి మీద వేసి, ఇదేదో నేల కాదే అన్నట్టు చూసి, వెనక్కి తీసుకుంది. పదహారో రోజు రెండు కాళ్లూ వేసింది. పదిహేడో రోజు మాస్టారు అత్యాశకు పోయి గోరును తాకాడు. చంచుఖడ్గం చూపుడువేలి మీద దిగింది. అబ్బా అనకుండా కూర్చున్నాడు. అంటే ఆ వారం పనంతా గంగలో కలుస్తుంది.

పద్దెనిమిదో రోజు దొరసాని అరచేతి మీద నిలబడి, ఉన్నట్టుండి తల వంచి, నడినెత్తి ఆయనకు చూపించింది.

ఆహా! ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్ని వేల తలలు ఆయన ముందు వంగలేదు! కానీ డబ్బిచ్చి వంచిన తలలవి. ఇది నమ్మి వంచిన తల. తల అంటూ దొరికితే ఎక్కడ నొక్కాలో, ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో ఆ వేళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చూపుడువేలి కొసతో జుట్టు కుదురు వెనకాల, చెవి పక్కన, మెడ కింద ఈకల మధ్య నెమ్మదిగా నిమిరాడు. నిటారుగా ఉన్న కుచ్చు సగం వాలింది. కళ్లు మూతలు పడ్డాయి. తర్వాత కిరకిరమని చిన్న చప్పుడు వచ్చింది. హాయిగా ఉన్నప్పుడు ముక్కు నూరుకోవడం ఆ జాతి పిట్టల అలవాటు. అత్తగారు ఆ చప్పుడు నాలుగు నెలల తర్వాత విన్నది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సంతోషం పట్టలేకపోయింది, అంతే.

ఇరవయ్యో రోజు. గడువుకు ఒక్క దినం. గోరు కొస అరికాలి చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. దొరసాని మాస్టారి ఎడమ మణికట్టు మీద నిలబడింది. అత్తగారు గింజ పట్టుకుంది. ఆయన కుడిచేతిలో పిల్లల గోళ్లు తీసే చిన్న కత్తెర ఉంది. రెండు రోజులుగా పిట్ట పక్కనే పెట్టి దానికి చూపిస్తూ వచ్చాడు. ఆ కత్తెరను గోటి మీదికి తెచ్చి, ఎండకు ఎదురుగా పెట్టి లోపలి నెత్తుటి గీత ఎక్కడిదాకా ఉందో చూసి, కొసన ఆనించిన ఆ మహత్తర క్షణంలో, ముప్పై ఒక్క ఏళ్ల అభ్యాసం, లక్ష తలల సంస్కారం, వేళ్ల కణుపుల్లో గూడు కట్టుకున్న సమస్త పాతలోకం ఒక్కసారి మేలుకుని, ముందు ఒక్కటి, ఒకే ఒక్కటి, ఉత్త గాలిలో ఆడించి చూడమని ఆయనను బతిమాలింది. ఆయన ఆడించలేదు. ఊపిరి కూడా తీయలేదు. నొక్కాడు.

టక్.

కుచ్చు నిటారుగా లేచింది. ముగ్గురూ కదల్లేదు. ఆఫీసుకు బయలుదేరుతూ గుమ్మంలో ఆగిన ఇల్లాలు చెప్పు వేసుకోబోతూ ఒంటికాలి మీదే ఉండిపోయింది. దొరసాని ఆయన మొహంలోకి చూసింది, కత్తెరను చూసింది, గింజను చూసింది. చివరికి గింజ తీసుకుంది. కుచ్చు సగం వాలింది.

"తెగిందా?" అని అడిగింది అత్తగారు.

"తెగిందండి."

తెగిన ముక్కను ఆవిడ అరచేతిలో పెట్టాడు. అర బియ్యపుగింజంత ఉంది. ఆవిడ వేలికొసతో దాన్ని చాలాసేపు తడిమింది. ఈలోగా దొరసాని ఎడమకాలు పూర్తిగా ఆనించి, ఆయన చేతి మీద రెండడుగులు వేసి, సరిపోయిందనుకుందో ఏమో, అక్కణ్ణుంచి ఆవిడ భుజం మీదికి నడిచి వెళ్లింది. ఆ బరువు తెలియగానే ముసలామె ముఖం విప్పారింది.

"మీ చెయ్యి మంచిదండీ అల్లుడుగారూ," అంది.

జయము! జయము! తొంభై గ్రాముల భయం మీద, ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు మీద, ఇరవై దినాల ఘోర మౌనసంగ్రామంలో, ఎనిమిది గోళ్లకు గాను ఒక గోటి కొసన అర బియ్యపుగింజంత నఖశకలాన్ని ఖండించిన కర్తరీధర సార్వభౌముడికి జయము! ఇప్పుడు విజయశంఖాలు పూరించాలి, భేరీలు మోగాలి, అష్టదిక్కులూ పిక్కటిల్లాలి. అందుకే నా గొంతు ఇంతకాలం దాచుకున్నాను. కానీ ముసలామె భుజం మీద ఆ పిట్ట ఇప్పుడే కళ్లు మూసింది. అందుచేత శంఖాలు వద్దు, భేరీలు వద్దు. నేను కూడా ఇక్కణ్ణుంచి మెల్లగా, గుసగుసగానే చెబుతాను: గెలిచాం. మీరు కూడా లేచేటప్పుడు కుర్చీ చప్పుడు చెయ్యకండి.