గడ్డం కింద జాబితా

మాదాపూర్‌లోని ఆ కంపెనీలో జావా కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వేసిన సోమవారం నుంచి, ఉద్యోగి నోరు తెరవగానే గడ్డం కింద ఒక జాబితా తెరుచుకోవడం మొదలైంది. కోడ్‌లో రెండక్షరాలు కొడితే మిగతాది తనే చూపించే సౌకర్యం పాతదే. దాన్ని మనుషులకూ విస్తరించారు. ఉద్యోగి అనబోయే వాక్యాలు పది కనిపిస్తాయి. ఎదుటివాళ్లు ఒకటి ఎంచుకుని ఎంటర్ నొక్కితే అతను అదే అన్నట్టు లెక్క. దీనివల్ల బోలెడు సమయం ఆదా అన్నారు హెచ్ఆర్ వాళ్లు. ఆదా అయిన సమయమంతా ఆ జాబితా తెరుచుకోవడానికే పట్టేది.

ఉదయభాస్కర్‌కు గురువారం సెలవు కావాలి. నాలుగేళ్ల కూతురికి చెవి ఆపరేషన్. నాన్న చెయ్యి పట్టుకుంటేనే మత్తుసూది వేయించుకుంటానని మంకుపట్టు పట్టింది. కానీ అతను "నాకు గురువారం" అనగానే "ఏ ఇబ్బందీ లేదు సార్" అన్నదే మొదట వస్తోంది. పదకొండేళ్లుగా అతను అన్న మాటల్లోంచే ఏరింది మరి. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

"ఎక్కువసార్లు ఏదంటే అదే పైకొస్తది భాస్కర్. అలవాటు చెయ్ దానికి," అంది పక్క సీటు రిజ్వానా.

రెండు రోజులు క్యాంటీన్‌లో అతను సెలవడిగాడు, ఆమె ఎంటర్ నొక్కింది. నాలుగు వందల సార్లు. మధ్యలో, పాత మాటలన్నీ మళ్లీ వరస పెట్టుకోవడానికి, అతని నుదుటి మీద "ఇండెక్సింగ్ జరుగుతోంది" అని వచ్చి నలభై నిమిషాలు నోరు పెగల్లేదు. అప్పుడతను మీటింగులో ఉన్నాడు కాబట్టి ఎవరూ గమనించలేదు.

బుధవారం సాయంత్రం మేనేజర్ విమలాకర్ ముందు నిలబడి నోరు తెరిచాడు. "నాకు గురువారం సెలవు కావాలి" అన్నదే అన్నిటికన్నా పైన వచ్చింది. భాస్కర్‌కు ప్రాణం లేచొచ్చింది. మేనేజర్ దాన్ని శ్రద్ధగా చదివాడు. తర్వాత మెల్లగా కిందికి దిగుతూ పోయి, తొమ్మిదో స్థానంలో ఉన్న "ఏ ఇబ్బందీ లేదు సార్" మీద ఎంటర్ నొక్కాడు.

"థాంక్స్ భాస్కర్. రేపు రిలీజుందని నువ్వే వస్తానన్నావ్ చూడు, అదీ మనిషంటే."

"సార్, నేను పైది..."

"ఇదీ నీ మాటే కదయ్యా. సొంతంగా నేనొక్క ముక్క రాశానా?"

రాయలేదు. పైనున్నదే తీసుకోవాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. భాస్కర్ "సరే సార్" అన్నాడు. ఆ మాటకు జాబితా తెరుచుకోలేదు, అవసరం పడలేదు.

కంపెనీ గేటు దాటితే ఆ సౌకర్యం పనిచేయదు. ఇంట్లో ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాడు. అతను చెప్పులు విడుస్తుంటే, ఆస్పత్రి సంచి సర్దుతున్న భార్య మాధురి తలెత్తకుండానే అంది, "మా తమ్ముణ్ని రమ్మన్నాను. ఆటో కూడా మాట్లాడాడు."

"నేనింకా ఏమీ చెప్పలేదుగా?"

"మీ చొక్కా ఒకటి సంచిలో పెట్టాను. నాన్న రాకపోతే అది పట్టుకుంటానని పాప పోయిన వారమే పెట్టించుకుంది."

భాస్కర్ సంచిలోకి తొంగిచూశాడు. మంచి చొక్కానే పెట్టావన్నాడు.