విభూతి పెట్టుకున్న రబ్బరు పైపు

"ఆదివారం ఇశ్రాయేలు వచ్చి వాక్యూమ్ చూస్తాడోయ్" అని నేను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే, మా ఆవిడ సీతారావమ్మకు "వాక్యం చెప్తాడు" అని వినిపించింది. ఆదివారం పొద్దున్నే హాల్లో జంపఖానా పరిచి, పక్కింటి లలితమ్మగారిని కూడా కూర్చోబెట్టింది. వచ్చినవాడు కిషన్‌బాగ్ మెకానిక్. చేతిలో ఉన్నది బైబిలు కాదు, గడియారంలాంటి మీటరు.

"ఇంజనుకి వాక్యూమ్ తగ్గిందే!" అన్నాను.

"మీకు మాత్రం వాక్యం తగ్గదు" అంది.

అది తొంభై ఏడు. లాల్‌దర్వాజాలో అద్దిల్లు, అందులో నేను, ఆవిడ, నా పాత ఫియట్. ముగ్గురిలో నా మాటకు కదిలేది ఫియట్ ఒక్కటే, అదీ తోస్తేనే.

ఇశ్రాయేలు మీటరు తగిలించాడు. సూది పన్నెండు దగ్గర ముడుచుకు కూర్చుంది. ఊడిన రబ్బరు పైపును బిగించగానే పద్దెనిమిదికెక్కి నిలబడింది.

"సూది గిట్ల నిలబడ్డదంటే ఇంజన్ మస్తుగున్నట్టు సార్. కిందికి జారిందంటే యాడనో ఫాల్తూ గాలి గుంజుతున్నట్టు."

"మా ఆఫీసులోనూ అంతేనయ్యా. బండి లాగేవాడు ఒక్కడూ లేడు, గాలి పీల్చేవాళ్లే!"

అతను నవ్వాడు. చాయ్ ఒలికేంతగా నవ్వాడు.

మీకేం తెలుస్తుంది ఆ సుఖం! ఇరవై ఆరేళ్ల కాపురంలో నా శ్లేషలన్నీ ఆవిడకు కంఠతా వచ్చేశాయి. నేను నోరు తెరవక ముందే "ఊఁ, నవ్వాను" అంటుంది. ఆఫీసులో నేను కనబడగానే అందరికీ అర్జెంటు ఫైళ్లు గుర్తొస్తాయి.

అందుకే ఆ తర్వాతి శనివారం సాయంత్రం, పూజలో విభూతి పెట్టుకున్న చేత్తోనే బానెట్ ఎత్తి, నేనే పైపు పీకాను. కబురంపితే ఆదివారం ఇశ్రాయేలు వచ్చాడు. సూది పడింది, పైపు ఎక్కింది, చాయ్ వచ్చింది, నవ్వు వచ్చింది. ఆరు వారాలు ఇదే పారాయణం.

ఏడో వారం సీతారావమ్మ బాంబు పేల్చింది. "ఈ రోగిష్టి బండి మనకొద్దండీ. సైదాబాద్ నుంచి మా లక్ష్మీకాంత్ రేపొచ్చి చూస్తాడు. నచ్చితే తీసుకుపోతాడు."

బండి పోతే ఇశ్రాయేలు ఎందుకొస్తాడు? ఆ సాయంత్రం పైపును కసిగా పీకాను. రేపు సూది పాతాళానికి పోవాలి, బావమరిది పారిపోవాలి!

మర్నాడు ఆదివారం అందరూ బానెట్ చుట్టూ చేరారు. ఇశ్రాయేలు మీటరు తగిలించాడు. సూది పద్దెనిమిదికెక్కి, జెండాకర్రలా నిలబడిపోయింది.

"బండి బంగారం బావగారూ!" అన్నాడు లక్ష్మీకాంత్.

"అదెలా కుదురుతుంది! నిన్న నేనే పీకాను కదా!" అని అరిచాను.

అరిచాక గాని అర్థం కాలేదు, ఏం అరిచానో.

"పొద్దున్నే నేనే పెట్టేశాను" అంది ఆవిడ తాపీగా. "కారు అమ్మేదీ లేదు, పాడూ లేదు. అమ్మేస్తానంటేనైనా ఇంట్లో తోచట్లేదని నోరు విప్పి చెప్తారనుకున్నా. బండి పాడు చేసుకుంటారు గానీ ఆ ఒక్క మాట అనరు!"

"నాకు రెండో వారమే ఎరుకైంది సార్," ఇశ్రాయేలు మెడ గోక్కున్నాడు. "పైపు మీద మీ వేళ్ల గుర్తులుంటుండె. రబ్బరు పైపుకు విభూతి ఎవరు పెడ్తరు?"

"మరెందుకొచ్చావయ్యా?"

"షెడ్డుల ఇంజన్లతోనే లొల్లి. మాట్లాడెటోళ్లు ఎవ్వరున్నరు సార్? మీ జోకులు సగం సమజ్ కావు గానీ... మంచిగుంటది."

"పైపూ గీపూ ఫికర్ వద్దు, ఊరికే చాయ్‌కి రా" అన్నాను, తల దించుకుని.

తర్వాతి ఆదివారం ఊరికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఖాళీ చేతులు. కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఎదురుగా నేనూ కూర్చున్నాను. అరగంట గడిచింది. ఇరవై ఆరేళ్ల సరుకులోంచి నాకు ఒక్క జోకూ తట్టలేదు.

సీతారావమ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరినీ చూసింది. కారు తాళాలు నా ఒళ్లో పడేసింది. "బండి మళ్లీ మూలుగుతోంది. వెళ్లి చూడండి."

వెళ్లి బానెట్ ఎత్తాం. పైపు ఊడి ఉంది.

"సార్," అన్నాడు ఇశ్రాయేలు వంగి చూసి, "ఈసారి విభూతి కాదు. పసుపు."