నీలం తేలిన కత్తులు

సానవాడి కొంప ముంచింది పగవాడు కాదు, సొంత బావమరిది. వాణ్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. వీధి మొత్తానికి వాడు ఐడియా. ఎదుటివాడికి ఏ ఇబ్బందీ లేకపోయినా సరే, దానికో ఉపాయం వాడి జేబులో సిద్ధంగా ఉంటుంది. ఆ సోమవారం సంగతి గుర్తొస్తే సానవాడికి ఇప్పటికీ అన్నం సహించదు.

మొదలవడం మాత్రం మామూలుగానే మొదలైంది. ఆకాశం ముసురు పట్టి ఉంది. హోటలు ఓనరు ఇరవై రెండు కత్తులు గోనెసంచిలో చుట్టించి తెచ్చి, తన హోటలు మెట్ల కింద కూర్చునే సానవాడి ముందు పెట్టించాడు.

"మధ్యాహ్నం రెండు వందల మందికి భోజనాలయ్యా. పదకొండున్నరకల్లా ఇవి వంటింట్లో ఉండాలి. పని నచ్చిందా, ఈ మెట్ల కింద జాగా నీదే. వారం వారం నా కత్తులు చూసి పెట్టు, అద్దె కూడా వద్దు. నచ్చలేదనుకో, జూసు బండివాడు ఈ జాగా కోసం రోజూ నా కాళ్లు పట్టుకుంటున్నాడు."

ఆ జాగా సానవాడికి ఇంటికంటే ఎక్కువ. వాళ్ల తాత సాన చక్రాన్ని వీపున మోసుకుని వీధులు తిరిగి తిరిగి, నడుం వంగి పోయాడు. తండ్రి ఈ మెట్ల కింద చేరి, సగం పూట కత్తులకు సాన పట్టి, సగం పూట ఇళ్లలో అరిగిన రోళ్లకు గంట్లు కొట్టి బతికాడు. వంటిళ్లలోకి కరెంటు గ్రైండర్లు వచ్చిన ఏడాదే రోళ్లు పెరట్లోకి పోయాయి, గంట్ల పని మట్టిలో కలిసింది. మిగిలింది చక్రమూ, ఈ నీడా. ఐదో తరగతిలో బడి మానేసి ఆ నీడలో కూర్చున్న సానవాడు ముప్పై నాలుగేళ్లుగా లేవలేదు. వానకు తడవకుండా చక్రం నిలబెట్టుకునే చోటు ఆ వీధిలో మరొకటి లేదు.

కత్తికి పది నిమిషాలు. ఏడింటికి మొదలుపెడితే పదకొండు లోపు అయిపోతాయి. చిల్లు పెట్టిన డబ్బా నుంచి రాయి మీద నీళ్లు చుక్క చుక్కగా పడుతున్నాయి. సానవాడు పెడలు తొక్కాడు. కింది పెద్ద చక్రం గిర్రున తిరిగింది. పైన రాయి మాత్రం కదల్లేదు. రెండింటినీ కలిపే తోలు పట్టీ మీద చెయ్యి వేసి చూస్తే చేప తోలులా జారిపోయింది.

"దీనికి నూనె ఎవరు పూశారే?" అని అరిచాడు.

పక్కన కూర్చుని కత్తులు తుడిచే భార్య తల ఎత్తలేదు. "నిన్న సాయంత్రం తమ్ముడు వచ్చాడుగా. పట్టీ కిర్రుమంటోంది, బావ చెవులు పోతాయని రెండు చుక్కలు వేశాడు. నీ మీద ప్రేమతోనే కదా!"

"పట్టీ జారకూడదే! జారకుండా ఉండటమే దాని పని! మీ వాడి ప్రేమ తగలెయ్య!"

బూడిద రాశాడు. ఇసుక చల్లాడు. చివరికి చొక్కా విప్పి తుడిచాడు. చొక్కా పాడైంది తప్ప పట్టీ దారికి రాలేదు. ఇక లాభం లేదని వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు. ఆయన వచ్చి పెట్టె తెరిచేసరికే తొమ్మిదిన్నర దాటింది, పైగా మూడు జతలు ముందున్నాయి. వరస తప్పించడం ఆయన ఒంట్లో లేదు. గంటంబావు నిలబెట్టి, కొత్త పట్టీ కోసి చేతిలో పెట్టాడు.

సానవాడు రొప్పుతూ వచ్చేసరికి చక్రం ఉంది, భార్య ఉంది, కత్తులు లేవు.

"తమ్ముడు పట్టుకెళ్లాడు. వాళ్ల వర్క్‌షాపులో కరెంటు గ్రైండర్ ఉందట. ఇరవై రెండూ అరగంటలో అవుతాయట."

సానవాడు కొత్త పట్టీని భార్య ఒళ్లో పడేశాడు. "దానికి నీళ్లు కట్టరే, ఉక్కు కాలిపోతుంది. అది ఇనప కడ్డీలకే గానీ కత్తులకా?"

ఆ మాట పూర్తి కాకుండానే ఐడియా సంచి ఊపుకుంటూ వచ్చాడు, పెళ్లికొడుకులా నవ్వుతూ. "బావా, నీ ముప్పై నాలుగేళ్ల పని ముప్పై నాలుగు నిమిషాల్లో! చూడు, పైగా రంగు కూడా వచ్చింది."

వచ్చింది. ప్రతి కత్తి అంచునా నెమలి మెడ లాంటి నీలం. సానవాడు ఒకటి తీసి గోటి మీద ఆనించి పదును చూసి, కింద పెట్టాడు. శవం ముఖం మీద గుడ్డ కప్పినట్టు సంచి కప్పాడు.

"ఒరేయ్, ఇది రంగు కాదురా. ఉక్కు కాలితే ఇట్లా నీలం తేలుతుంది. కాలిన ఉక్కు చచ్చిన ఉక్కు. నాలుగు కోతలు కోస్తుంది, ఐదో కోతకు మొద్దుబారుతుంది."

"నాలుగు కోస్తుందిగా!" అన్నాడు ఐడియా.

టైము పదకొండుంబావు. కాలిన అంచులన్నీ అరగదీసి కొత్త పదును తేవాలంటే మూడు రోజులు పడుతుంది. భార్య గొంతు తగ్గించింది. "ఇచ్చెయ్యి. ఇప్పుడు నోరు తెరిచావంటే సాయంత్రానికి ఇక్కడ జూసు బండి ఉంటుంది. ఈ పూట గట్టెక్కితే మళ్లీ తెచ్చుకుని మెల్లగా బాగుచేసుకోవచ్చు."

సానవాడి చేతులు ఒప్పుకోలేదు. కాళ్లు ఒప్పుకున్నాయి. వెళ్లి ఇచ్చేశాడు.

తిట్లు పడతాయనుకున్నాడు. కానీ ఓనరు ఒక కత్తిని వెలుతురుకు పట్టి మురిసిపోయాడు. "అబ్బ, ఏం మెరుపయ్యా! ఇన్నాళ్లూ ఈ పనితనం ఎక్కడ దాచావు?"

"స్పెషల్ సాన సార్!" అన్నాడు ఐడియా వెనకనుంచి.

టీ తాగుతున్న సెలూన్ వాడూ, లేడీస్ టైలరమ్మా ఆ మాట విన్నారు. పది నిమిషాల్లో ఆయన రెండు కత్తులతో, ఆమె మూడు కత్తెరలతో మెట్ల దగ్గరికి దిగారు. ఇద్దరికీ నీలమే కావాలి.

"వద్దమ్మా, అది పదును కాదు, జబ్బు" అన్నాడు సానవాడు.

సెలూన్ వాడికి ఒళ్లు మండింది. "ఓనరుకైతే నీలం, మాకైతే జబ్బా? ఇరవై ఏళ్లుగా నీ దగ్గరికే వస్తున్నానే, నా ముఖం అంత తేలికైపోయిందా?"

"పెద్దవాళ్లకు దాచుకుంటున్నాడులే అన్నా, పద" అంది టైలరమ్మ. ఇద్దరూ నేరుగా ఐడియా వెంట వర్క్‌షాపుకు నడిచారు.

ఒంటిగంటకు వంటమాస్టరు మెట్ల కిందికి వచ్చాడు. అరచేతిలో నుజ్జయిన టమాటా ఉంది. "దీన్ని కోశాననుకుంటున్నావా? పీకాను! ఉల్లిపాయల్ని చేత్తో చీల్చుతున్నామయ్యా లోపల!" ఆయన వెనకే టైలరమ్మ, కుక్క కొరికినట్టున్న పట్టుగుడ్డతో. ఆమె వెనక సెలూన్ వాడు, అతని పక్కన ఒక చెంప గీసి ఒక చెంప మిగిలిన పెద్దమనిషి. అందరి వెనకా ఓనరు. వాన మొదలవడంతో ఆ గుంపంతా మెట్ల కింద నీడలోకే జరిగింది.

"ఇది నా పని కాదు సార్, ఈ ఐడియా గాడి పని" అన్నాడు సానవాడు.

"పనిలో తప్పుంటే బావే చెప్పేవాడుగా సార్. మీకిచ్చింది తనే" అన్నాడు ఐడియా అమాయకంగా.

"నీకసలు కత్తి అంటే ఏంటో తెలుసా?" అని వంటమాస్టరు సానవాడి మీదికి వెళ్లాడు.

దొంగ అంటే పడేవాడే. పని రాదంటే మాత్రం పడలేకపోయాడు. "నాకు తెలియదా? మూడు తరాల చక్రం నాది! నీలం చూడగానే తెలిసింది ఈ ఉక్కు చచ్చిందని. గోటి మీద పెట్టగానే తెలిసింది!"

"చూడగానే తెలిసింది" అన్నాడు ఓనరు మెల్లగా. "తెలిసి తెచ్చి నా చేతిలో పెట్టావు."

భార్య కొత్త తోలు పట్టీని వేళ్లకు చుట్టుకుంటూ నేల చూసింది.

"సార్, నాదో మాట" అన్నాడు ఐడియా. "అసలు కత్తులెందుకు? కోసేది, తరిగేది, రుబ్బేది, అన్నీ చేసే గ్రైండర్ ఒకటి వచ్చింది. మా వర్క్‌షాపాయనకు తెలిసిన చోటే."

గురువారానికి గ్రైండర్ దిగింది. వంటింట్లో పట్టలేదు. కాబట్టి మెట్ల కిందికి వచ్చింది. దాన్ని నడపడానికి తెలిసినవాడు కావాలి. కాబట్టి ఐడియా కూడా వచ్చాడు. ఆ జాగా జూసు బండివాడికి సైతం దక్కలేదు, అదొక్కటే ఊరట.

సానవాడి చక్రం ఇప్పుడు ఇంటి గుమ్మం పక్కన, పాత రోలు మీద ఆనించి ఉంటుంది. ప్రతి సోమవారం ఐడియా ఆ గ్రైండర్ బ్లేడ్లు గుడ్డలో చుట్టుకుని వస్తాడు. "బావా, నీళ్లు కట్టి మెల్లగా పట్టు. నీలం రానివ్వకు, ఓనరు ఊరుకోడు."

సానవాడు పడతాడు. పోయిన జాగా ఏమంత పెద్దది కాదు: పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు, మెట్ల కింద కాబట్టి ఎత్తు ఒక పక్కన మూడే.