జంటజుట్టు కొంగ

ఆదివారం పొద్దున పక్షి ప్రేమికుల సంఘం వారు ఊరి చివరి చెరువులో ఒక అరుదైన కొంగను కనుగొన్నారు. అది తెల్లగా, గుండ్రంగా, నెత్తిన రెండు జుట్లతో, రెల్లుపొదల మధ్య ధ్యానముద్రలో ఉంది. ముందుగా చూసింది బ్యాంకు మేనేజరు గారు. కొత్త పక్షిని చూసినవారికే సంఘాధ్యక్ష పదవి అన్నది నియమం కనుక, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

ఆ కుర్చీ మీదే కన్నేసిన పళ్ళ డాక్టరు గారు దుర్భిణీలో చూసి, మెడ లేదేమిటన్నారు. ముడుచుకుందన్నారు మేనేజరు గారు. మరి కాళ్ళో? నీళ్ళలో ఉన్నాయి. ఆ మాత్రం తెలియదా అన్నట్టు అందరూ చూసేసరికి డాక్టరు గారికి మెడ కూడా కనిపించింది.

ఈలోగా నీలిరెక్కల లకుముకి పిట్ట ఒకటి వచ్చి దుర్భిణీ కొసన వాలింది. పక్షులు కనపడకుండా అడ్డొస్తోందని దాన్ని తోలేశారు.

సంఘం బయటివారు ఒకరు చూసి ఒప్పుకోవాలన్న మరో నియమాన్ని డాక్టరు గారు తవ్వి తీశారు. టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ మేనేజరు గారి భార్యను పిలిచి, "చెల్లెమ్మా, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారు.

ఆవిడ కన్ను ఆనించి చూసింది. ఆ రెండు జుట్లనూ ఎక్కడున్నా పోల్చుకోగలదు. చెత్త కవరు మూతి రెండుసార్లు బిగించి, చెవులు నిక్కేలా ముడి వేయడం ఆవిడ అలవాటు. నడకకు వెళ్తూ వీధి మొదట్లోని తొట్టిలో వేస్తానని రోజూ దాన్ని పట్టుకెళ్ళేది భర్త. తొట్టి ఆ వైపు, చెరువు ఈ వైపు. ఆయన మాత్రం ఎప్పుడూ ఈ వైపే నడుస్తాడు.

"సరిగ్గా చూడవే" అన్నాడాయన, అధ్యక్ష పదవి కోసం కొన్న కొత్త టోపీ సర్దుకుంటూ.

"సరిగ్గానే చూశానండీ. నాకు బాగా తెలిసిందే. రోజూ మన వంటింట్లోంచే కదా బయల్దేరేది? మీరే కదా దగ్గరుండి దిగబెట్టి వచ్చేది?"

మేనేజరు గారికి టోపీ కింద చెమట పట్టింది. కార్యదర్శి గారికి మాత్రం కళ్ళు చెమర్చాయి.

"మిత్రులారా, వంటింటి దాకా మచ్చికైన పక్షి! దాన్ని రోజూ చెరువు దాకా సాగనంపే మనిషి! ఇంతటివాడు మనకు అధ్యక్షుడు కావడం మన అదృష్టం" అన్నారాయన.

చప్పట్లకు చెరువులోని పక్షులన్నీ లేచిపోయాయి. జంటజుట్టు కొంగ ఒక్కటే కదల్లేదు. దాని సభామర్యాదను అందరూ మెచ్చుకున్నారు.

మర్నాటి నుంచి చెత్త ఆవిడే పారేస్తోంది. అయినా ఆ కొంగల సంతతికి లోటు రాలేదు. గట్టు పొడవునా రకరకాల రంగుల్లో, రకరకాల ముడులతో కొలువుదీరాయి. పాఠకులు తమ పేట చెరువుకూ ఒకసారి వెళ్ళి రావలసిందిగా మనవి. దుర్భిణీ అక్కర్లేదు. ఎవరింటి ముడి వారికి తెలియదా?